ఎలివేషన్ లేని హింస: 'కమ్ అండ్ సీ' హాల్లో వేసిన కేస్ స్టడీ

ఈ కేస్ స్టడీ ఒకే ఒక్క స్క్రీనింగ్ గురించి. సినిమా 'కమ్ అండ్ సీ', 1985లో వచ్చిన సోవియట్ సినిమా, డైరెక్టర్ ఎలెమ్ క్లిమోవ్. వేసింది హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రివ్యూ హాల్లో, మా ఫిల్మ్ అప్రిసియేషన్ బ్యాచ్‌కి. నా పనే అది, సినిమాలు వేసి జనంతో మాట్లాడించడం, కాలేజీల్లో, వర్క్‌షాపుల్లో, కుదిరితే ఇలా సొంతంగా హాలు మాట్లాడుకుని. యుద్ధంలో మామూలు జనాన్ని ఎలా చంపారో దాపరికం లేకుండా చూపించే సినిమాలు ఆదివారం పాడుచేసుకుని మరీ ఎందుకు చూడాలి అని అడిగేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, వాళ్ళతో నోటితో వాదించి వాదించి విసుగొచ్చి, ఒక స్క్రీనింగ్‌లో మొదట్నుంచి చివరిదాకా ఏం జరిగిందో రాసి పెడదామని కూర్చున్నా.

నా వాదన ముందే చెప్పేస్తా. మనం హింస చూడని జనమేం కాదు. పెద్ద హీరో సినిమా ఏదన్నా తీసుకోండి, ఇంటర్వెల్ ముందు ఫైట్‌లో కారే రక్తం ఈ 142 నిమిషాల సినిమా మొత్తం వెతికినా దొరకదు. కానీ మన దగ్గర ప్రతి దెబ్బకీ ఎలివేషన్ ఉంటుంది, కత్తి లేవగానే కెమెరా నేలకి దిగిపోతుంది, స్లో మోషన్, బీజీఎం, విజిల్ వేసుకోడానికి రెండు సెకన్లు ఖాళీ కూడా వాళ్ళే వదుల్తారు. కొట్టేవాడి పక్కన నిలబడి చూడటం మనకి బాగా అలవాటు. ఏ పాపం తెలీని ఊరోళ్ళ పక్కన, వాళ్ళు చచ్చేదాకా కూర్చోవడం అలవాటు లేదు. నేను చూడమనేది అందుకు, రక్తం కోసం కాదు.

బ్యాచ్ గురించి కొంచెం. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నోళ్ళు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళు, అసిస్టెంట్ డైరెక్టర్ ఛాన్స్ కోసం కృష్ణానగర్ చుట్టూ తిరిగేవాళ్ళు. ఒక కుర్రాడు హీరోల ఫ్యాన్ ఎడిట్స్ చేస్తాడు, ముప్పై సెకన్ల వీడియోలో ఒళ్ళు పులకరించేలా కట్ చేయడంలో వాడు దిట్ట. ఒకమ్మాయి క్యాజువాలిటీలో నర్స్. ఇంకొకాయన సుబేదార్‌గా చేసి రిటైరయ్యాడు, ఊరు మిలట్రీ మాధవరం దగ్గర, మన వాళ్ళకి తెలిసిందే, రెండు ప్రపంచ యుద్ధాలకీ సిపాయిలని పంపిన ఊరు అది, అందుకని బ్యాచ్‌లో అందరూ ఆయన్ని మిలట్రీ బాబాయ్ అనే పిలుస్తారు.

గ్రూపులో సినిమా పేరు పెట్టగానే మొదలైంది. "అన్నా వారమంతా ఆఫీసులో ఏడుపే, వీకెండ్ కూడా ఏడవాలా" అని ఒకడు. "పాప్‌కార్న్ ఉంటదా" అని ఇంకొకడు (ఉండదని చెప్పా, నలిగే కవర్ల చప్పుడు ఈ సినిమాకి కుదరదు). ఒకమ్మాయి మాత్రం గట్టి ప్రశ్న వేసింది, యుద్ధం వీడియోలు ఫోన్లో రోజూ వస్తూనే ఉన్నాయి కదా, ఉక్రెయిన్, గాజా, నిజంగా చచ్చిపోతున్నవాళ్ళవి, మళ్ళీ 1943లో జరిగినదాన్ని యాక్టర్లతో తీస్తే అది చూసి ఏం నేర్చుకోవాలి అని. దానికి అప్పుడు జవాబివ్వలేదు, చూశాక మాట్లాడదాం అన్నా.

సినిమాలో ఏమేం ఉందో మాత్రం ముందే మొత్తం రాసి పంపించా. ఊరి జనాన్ని పిల్లలతో సహా ఒక కొట్టంలోకి తోసి తగలబెడతారు, ఒక అమ్మాయి మీద అత్యాచారం జరిగిందని తెలుస్తుంది, ఒక ఆవు తూటాలు తగిలి చచ్చిపోతుంది, శవాలు కనిపిస్తాయి, 18 దాటనివాళ్ళని తీసుకురావద్దు, ఈ మధ్య ఇంట్లో ఎవరన్నా పోయినవాళ్ళు ఈసారికి ఆగండి అని. స్పాయిలర్లు ఇచ్చేశావన్నా అని ఇద్దరు తిట్టారు. తిట్టనీ. ఇలాంటి సినిమాకి షాక్ ఇచ్చి జనాన్ని పట్టుకోవాలనుకోవడం నాకు నచ్చదు, ఏం జరగబోతుందో తెలిసి కూడా చూడటానికి వచ్చినవాడే బాగా చూస్తాడు. ఆ మాటకొస్తే సినిమాలో ఆ ఊరోళ్ళకి కూడా ఏం జరగబోతుందో చాలాసేపటి ముందే అర్థమైపోతుంది.

ఈ సినిమానే ఎందుకు తీసుకున్నానంటే

ఇది తీసినవాళ్ళు యుద్ధాన్ని పుస్తకాల్లో చదివి తీసినవాళ్ళు కాదు. క్లిమోవ్ పుట్టింది 1933లో స్టాలిన్‌గ్రాడ్‌లో, తొమ్మిదేళ్ళప్పుడు అమ్మతో, చంటి తమ్ముడితో తెప్ప మీద వోల్గా దాటాడు, వెనక ఊరు తగలబడుతోంది, నది మీద కూడా మంటలే. స్క్రిప్ట్‌లో ఆయనతో కూర్చున్న అలెస్ అడమోవిచ్ బెలారూస్ రచయిత (అప్పుడది సోవియట్‌లో భాగం, యుద్ధంలో జర్మన్లు ఆక్రమించుకున్నారు), మీసాలు రాని వయసులోనే అడవిలో పార్టిజాన్లతో, అంటే గెరిల్లా దళాలతో కలిసి జర్మన్ల మీద పోరాడినవాడు. తర్వాత యాంకా బ్రిల్, వ్లదిమీర్ కొలెస్నిక్ అనే ఇంకో ఇద్దరు రచయితలతో కలిసి బెలారూస్ ఊళ్ళన్నీ తిరిగి, తగలబెట్టిన ఊళ్ళలో ఎలాగో బతికి బయటపడ్డవాళ్ళ మాటల్ని టేపు రికార్డర్‌లో ఎక్కించి పుస్తకం వేశాడు. సినిమాలో కల్పన అనిపించే ముక్కలు చాలా వరకు ఆ మాటల్లోంచి వచ్చినవే.

అసలు 1970ల చివర్లోనే తీయాలి. గోస్కినో, అంటే సోవియట్ ప్రభుత్వ సినిమా శాఖ, స్క్రిప్ట్‌కి అడ్డుపడి ఏళ్ళ తరబడి ఆపేసింది, చివరికి యుద్ధం గెలిచి నలభై ఏళ్ళు అయిన సందర్భం వస్తే అప్పుడు ఒప్పుకున్నారు. అప్పటిదాకా టైటిల్ 'హిట్లర్‌ని చంపండి', పేరులో కూడా హిట్లర్ ఉండకూడదంటే బైబిల్లో ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయం నుంచి ఈ పేరు తీసుకున్నారు. క్లిమోవ్‌కి కూడా మన బ్యాచ్‌కి వచ్చిన డౌటే వచ్చింది, ఇంత దారుణం జనం చూడలేరేమో అని. చూడలేకపోతే చూడకపోనీ, మన తర్వాత మనం వదిలి వెళ్ళాల్సింది ఇది అన్నట్టుగా అడమోవిచ్ జవాబిచ్చాడట. రిలీజయ్యాక సోవియట్ యూనియన్‌లో దాదాపు 2.9 కోట్ల మంది చూశారు. క్లిమోవ్ 2003లో పోయాడు, ఈ సినిమా తర్వాత ఇంకో సినిమా తీయలేదు.

వెనకున్న చరిత్ర కూడా బ్యాచ్‌కి ఒక పేజీలో ఇచ్చా. సినిమా చివర వేసే లెక్క 628, జనంతో సహా తగలబెట్టిన బెలారూస్ ఊళ్ళు అన్ని. వాటిలో అందరికీ తెలిసింది ఖతిన్. 1943 మార్చి 22 పొద్దున పార్టిజాన్లు ఒక జర్మన్ కాన్వాయ్ మీద కాల్పులు జరిపితే హాన్స్ వోల్కే అనే పోలీసు ఆఫీసరు చచ్చాడు, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో షాట్‌పుట్‌లో గోల్డ్ కొట్టినవాడు. దానికి బదులుగా అదే రోజు ఖతిన్ ఊరోళ్ళని కొట్టంలో పెట్టి తగలబెట్టారు, 149 మంది, అందులో 75 మంది పిల్లలు.

హాల్లో

ఫైల్ టెస్ట్ చేసినప్పుడే ఆపరేటర్‌తో మొదటి గొడవ. పాత 4:3 ఫ్రేమ్ కదా, రెండు పక్కలా నల్లగా వదిలేస్తుంది, ఆయనేమో "సార్ ఫుల్ స్క్రీన్ చేసేస్తా, జనం డబ్బులిచ్చి వచ్చారు" అని సాగదీయబోయాడు. వద్దని బతిమాలా. ఈ సినిమాలో సగం మొహాలే, లెన్స్‌లోకి సూటిగా చూసే మొహాలు, ఆ ఇరుకు ఫ్రేమ్‌లో మొహం పక్కన చూడ్డానికి ఇంకేం మిగలదు, తప్పించుకోడానికి చోటుండదు. సాగదీస్తే మొహాలు లావెక్కి కామెడీ అయిపోతాయి.

ఇంటర్వెల్ వద్దనుకున్నాం. బాత్రూమ్‌కి ఎప్పుడైనా వెళ్ళొచ్చు, తలుపు దగ్గర ఒక చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది, బయట ఒక వాలంటీర్ మంచినీళ్ళతో కూర్చుంటుంది, బయటికి వచ్చినవాళ్ళని ఏమైంది అని అడగొద్దని ఆమెకి గట్టిగా చెప్పా. ఫోన్లు ఆఫ్. ఇంతకన్నా పెద్ద ఏర్పాట్లేం లేవు.

సినిమా మొదలవ్వడం ఇద్దరు పిల్లలు ఇసకలో తుపాకీ కోసం తవ్వడంతో మొదలవుతుంది. పార్టిజాన్లలో చేరాలంటే ఎవడి తుపాకీ వాడే తెచ్చుకోవాలి, అందుకని ఫ్లోరా అనే పిల్లాడు, పద్నాలుగేళ్ళుంటాయేమో, పాతిపెట్టిన సైనికుడి రైఫిల్ లాగుతాడు. హాల్లో ఎవడో సన్నగా విజిల్ వేశాడు, అలవాటు మరి, కుర్రాడి చేతికి గన్ వచ్చిందంటే మనకి అది హీరో ఎంట్రీ. వాణ్ణి నేనేం అనలేదు, సినిమానే చూసుకుంటుందిలే అనుకున్నా. తర్వాతి సీన్లో వాళ్ళమ్మ గొడ్డలి చేతికిచ్చి, వెళ్తే వెళ్ళు, ముందు మమ్మల్ని నరికి వెళ్ళు అని ఏడుస్తుంది. విజిల్ మళ్ళీ వినపడలేదు.

అడవిలో పార్టిజాన్లు వీణ్ణి వెనక కాపలాకి వదిలేసి పోతారు, పోయే ముందు ఒక ముసలి పార్టిజాన్‌కి బూట్లు చిరిగిపోయాయని వీడి మంచి బూట్లు ఊడదీయించి ఇప్పించేస్తారు. అందరూ ఆ సీన్ మామూలుగా చూసి వదిలేశారు. మిలట్రీ బాబాయ్ ఒక్కడే "హమ్మా" అన్నాడు పైకి వినపడేలా. తర్వాత అడిగితే చెప్పాడు, ఆ పిల్లాడు అక్కడే సిపాయి కాకుండా పోయాడయ్యా, బూట్లు లేనివాణ్ణి ఎవడూ లెక్కలో వేసుకోడు అని. నేను ఈ సినిమా చాలాసార్లు చూశా, బూట్ల మీద అంత ఆలోచించలేదు.

తర్వాత అడవి మీద బాంబులు పడతాయి. పిల్లాడి చెవులు పోతాయి, అక్కణ్ణుంచి మనకి కూడా మాటలు సరిగ్గా వినపడవు, చెవిలో ఒక సన్నటి కూత మొదలై ఎంతకీ ఆగదు, మాటలు ఆ కూత వెనకెక్కడో నీళ్ళలోంచి వచ్చినట్టు వస్తాయి. సరిగ్గా అప్పుడు ఆపరేటర్ వంగి వంగి నా సీటు దగ్గరికి పరిగెత్తుకొచ్చి "సార్ స్పీకర్ పోయినట్టుంది, ఆపేయనా" అన్నాడు. సినిమాలోదే అన్నా, పోయి ఏసీ దగ్గర నిలబడి కాసేపు విన్నాడు, నమ్మలేదు, మళ్ళీ వచ్చాడు. టెస్ట్ చేసినప్పుడు ఆయన మొదటి పది నిమిషాలే విన్నాడు. నర్సమ్మాయి తర్వాత అదే చెప్పింది, పేలుళ్ళ కేసుల్లో క్యాజువాలిటీకి వచ్చినవాళ్ళు డాక్టర్ అడిగిన దానికి సంబంధం లేకుండా ఏదేదో చెప్తుంటారు, ఏంటి వీళ్ళు అనుకునేదాన్ని, వాళ్ళకి లోపల ఇలా ఉంటుందని ఇప్పుడు తెలిసింది అని. రక్తం చూపించకుండానే ఆ అమ్మాయికి రోజూ చేసే పనిలో తెలియనిదొకటి తెలిసింది, నాకు అది చాలా పెద్ద విషయం.

ఊళ్ళోకి తిరిగొచ్చే సీన్ దగ్గర కాస్త ఆగాలి. ఫ్లోరా, గ్లాషా అనే అమ్మాయీ ఇద్దరూ వాడి ఇంటికొస్తారు. ఊళ్ళో ఎవరూ లేరు. పొయ్యిలో సూప్ ఇంకా వెచ్చగా ఉంది, ఇద్దరూ కూర్చుని తింటారు, నేల మీద చెల్లెళ్ళ బొమ్మలు వరసగా పడున్నాయి, ఈగల మోత. అందరూ ఊబి అవతల దీవిలో దాక్కుని ఉంటారు, నాకు తెలుసు అని వాడు పరిగెడతాడు. ఆ అమ్మాయి వెనకే పరిగెడుతూ ఒక్కసారి తల తిప్పి చూస్తుంది, ఇంటి గోడ వెనక ఊరి జనం శవాలు కుప్పగా పడున్నాయి. అంతే, మళ్ళీ ముందుకి తిరిగి పరుగు. వాడు చూడలేదు. ఆ పిల్ల చూసి కూడా వెంటనే చెప్పదు.

ఆవు సీన్ దగ్గర ఇద్దరు ముగ్గురు లేచి బయటికెళ్ళారు. వాళ్ళలో ఒకరు మళ్ళీ లోపలికి రాలేదు, వాలంటీర్ ఆటో ఎక్కించి వచ్చింది, మర్నాడు నేను ఫోన్ చేసి మాట్లాడా. కొట్టం సీన్ వచ్చేసరికి నేను స్క్రీన్ వైపు కాకుండా జనం వైపు చూస్తున్నా, నా డ్యూటీ అది. పెరెఖోది అనే ఊరిని మొత్తం తోసుకుంటూ తీసుకొస్తారు, లౌడ్‌స్పీకర్లు, కుక్కలు, ఎవడో నవ్వుతూ ఫొటోలు తీస్తుంటాడు, పెద్దాఫీసరు చేతిలో దేవాంగ పిల్లి ఒకటి, చిత్తూరు వైపు అడవుల్లో ఉంటుంది చూడండి పెద్ద కళ్ళేసుకుని, అలాంటిదే, దాన్ని ముద్దు చేస్తూ ఉంటాడు. లోపలికి తోసి తలుపులు మూశాక కిటికీ దగ్గరికొచ్చి చెప్తారు, పిల్లల్ని లోపలే వదిలేసి పెద్దవాళ్ళు బయటికి రావచ్చు అని. ఎవరూ కదలరు. ఫ్లోరా ఒక్కడు కిటికీలోంచి దూకుతాడు. వెనకే ఒకామె బిడ్డతో ఎక్కబోతే బిడ్డని లాక్కుని తిరిగి లోపలికి విసిరేస్తారు. తర్వాత మంట. మంట ముందు సైనికులు చప్పట్లు కొడతారు.

మనం ఈ చప్పట్లని గుర్తుపడతాం. హాల్లో కొట్టే చప్పట్లే అవి.

మాట్లాడుకున్నది

సినిమా అయ్యాక వెంటనే మాట్లాడించను, అది నా పద్ధతి. లైట్లు మెల్లగా వేసి, అందర్నీ కింద టీ కొట్టుకి పంపించి, తిరిగొచ్చాకే కూర్చోబెట్టా. ఎలా అనిపించింది అని అడిగితే అందరూ "హెవీగా ఉందన్నా" అంటారు, అక్కడితో అయిపోతుంది. అందుకని మొదటి ప్రశ్న వేరేది వేశా, గ్లాషా వెనక్కి తిరిగి చూసిన షాట్ ఎంతసేపుంది? ఒకరు పది సెకన్లన్నారు, ఒకరు ఇంకా ఎక్కువన్నారు, కెమెరా శవాల దగ్గరికి వెళ్ళింది కదా అని కూడా ఒకడు. లాప్‌టాప్‌లో ఆ ముక్క మళ్ళీ వేసి చూపించా. రెప్పపాటు. కెమెరా ఎక్కడికీ వెళ్ళదు. మిగతాది వాళ్ళు సొంతంగా కలుపుకున్నారు, కలుపుకున్నది ఎవరి ఊరి గోడ వెనక కనిపించిందో వాళ్ళకే తెలియాలి.

ఇక్కడ ఫ్యాన్ ఎడిట్స్ కుర్రాడు ఒక మాటన్నాడు, నేను క్లాసులో చెప్పే దానికన్నా బాగుంది అది. "అన్నా, నేను చూస్తూ చూస్తూ ఏ షాట్ కట్ చేసుకోవచ్చా అని లెక్కేస్తా, అలవాటైపోయింది. దీంట్లో బీజీఎం వేసి వాడుకోడానికి ఒక్క షాట్ కూడా లేదన్నా." చంపేవాళ్ళ యూనిఫామ్‌లు, బైకులు, గన్‌లు అన్నీ ఉన్నాయి కదరా అంటే, ఉన్నాయి కానీ వాటిని చూస్తున్నది ఆ పిల్లాడు కదా, ఎటు కట్ చేసినా వాడి మొహం అడ్డొస్తోంది అన్నాడు.

అప్పుడు ఫ్రాన్స్‌లో జరిగిన పాత గొడవ ఒకటి చెప్పా. 1960లో 'కాపో' అని నాజీ క్యాంపు మీద ఒక ఇటాలియన్ సినిమా వచ్చింది, గిల్లో పొంటెకార్వో తీశాడు, అందులో ఒక ఖైదీ కరెంటు కంచె మీద పడి చచ్చిపోతే కెమెరా ముందుకి జరిగి ఆమె చెయ్యి ఫ్రేమ్‌లో అందంగా కుదిరేలా ఆగుతుంది. జాక్ రివెట్ అనే క్రిటిక్, తర్వాత పెద్ద డైరెక్టర్ అయ్యాడు, 1961లో కాయే దు సినిమా పత్రికలో ఆ ఒక్క కెమెరా కదలిక పట్టుకుని ఏకి పారేశాడు, ఆ టైమ్‌లో అలా కెమెరా జరపాలనుకున్నవాడు అసహ్యించుకోదగ్గవాడని. మన భాషలో అది ఎలివేషన్ షాట్, చావుకి ఎలివేషన్. రివెట్ కొంచెం అతి చేశాడని నా అభిప్రాయం, కానీ హింసని దాచకుండా చూపించే సినిమాల్లో ఏది చూడాలి ఏది వదిలేయాలి అనడానికి ఇంతకన్నా పనికొచ్చే పరీక్ష నాకు దొరకలేదు. ఎంత రక్తం చూపించారు అన్నది వదిలేయండి, కెమెరా దేనికోసం ముందుకి జరిగింది అన్నది చూడండి. దారుణాలు చూపించే ప్రతి సినిమా చూడమని నేను అనను, చాలా వాటిని ఈ లెక్కనే పక్కన పెట్టేస్తా.

ఆ పరీక్ష ఈ సినిమాకి కూడా పెట్టారు, పెట్టాలి కూడా. ఆవు సీన్లో రాత్రి మెరుపుల్లా దూసుకొచ్చేవి నిజం తూటాలేనని ఫ్లోరా వేషం వేసిన అలెక్సీ క్రవ్చెంకో తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు, అవి వాడి తల మీంచే వెళ్ళాయి. మరి హింసకి ఎదురుగా తీసిన సినిమాలో ఒక పిల్లాడి మీంచి నిజం తూటాలు ఎలా పేలుస్తారు అని ఒకమ్మాయి నిలదీసింది. నా దగ్గర సమర్థించే మాట లేదు. ఇవాళ ఎవడన్నా అలా తీస్తే నేను ఆ సినిమా వేయను. ఇది ఎందుకు వేశావ్ మరి అంది, వేశానంతే, ఆ విషయం దాచకుండా చెప్పి వేశా.

ఫోన్ వీడియోల ప్రశ్న వేసిన అమ్మాయికి జవాబు నేను ఇవ్వాల్సిన పని పడలేదు, నర్సమ్మాయి ఇచ్చింది. ఫోన్లో వచ్చేది చావు దగ్గర మొదలై చావు దగ్గరే ఆగుతుంది, ముందు వాళ్ళింట్లో సూప్ ఎంత వెచ్చగా ఉందో తెలీదు అంది. నేను దానికి ఇంకోటి కలిపా. 1945లో బ్రిటిష్ సైన్యం నాజీ క్యాంపుల్లో తీసిన ఫుటేజ్‌తో సిడ్నీ బెర్న్‌స్టీన్ అనే ప్రొడ్యూసర్ ఒక డాక్యుమెంటరీ మొదలుపెట్టాడు, దానికి డైరెక్టర్ హిచ్‌కాక్ సలహాదారు. వీలైనంత వరకు కట్ చేయకండి, కెమెరాని ఆఫీసర్ల మీంచి, ఊరి పెద్దల మీంచి శవాల మీదకి ఒకే షాట్‌లో తిప్పండి, లేకపోతే రేపు ఇది అతికించిందే అంటారు అన్నది ఆయన సలహా. ఆ సినిమా అప్పుడు మూలపడేసి, చివరికి 2014లో లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళు పూర్తి చేసి చూపించారు. కంప్యూటర్‌తో ఏ వీడియో అయినా పుట్టించగలిగిన ఈ రోజుల్లో ఆ సలహా చెప్తుంటే బ్యాచ్ అంతా శ్రద్ధగా రాసుకున్నారు.

చూడను అనే హక్కు ఉండదా అని కూడా వచ్చింది. ఉంటుంది, నేను తలుపు తెరిచి పెట్టింది అందుకే. కాకపోతే నూరెంబర్గ్ సంగతి చెప్పా, యుద్ధం అయ్యాక నాజీ నాయకుల మీద విచారణ జరిగిన ఊరు అది. 1945 నవంబర్ 29న కోర్టులో క్యాంపుల ఫిల్మ్ వేశారు, దాదాపు గంటసేపు, ముద్దాయిల మొహాలు చీకట్లో కనపడేలా బోను దగ్గర లైట్లు పెట్టి. హిట్లర్ దగ్గర ఆర్థిక మంత్రిగా చేసిన షాఖ్ట్ చేతులు కట్టుకుని స్క్రీన్ నుంచి మొహం తిప్పేసుకుని కూర్చున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అంతా బాగానే నడిచింది, ఆ ఫిల్మ్ వేసి మొత్తం పాడుచేశారు అని ముద్దాయిల్లో పెద్ద తలకాయ గోరింగ్ తర్వాత సణిగాడు. జైల్లో వాళ్ళని చూసుకున్న సైకాలజిస్ట్ గిల్బర్ట్ ఇవన్నీ రాసి పెట్టాడు. మన ఆదివారం పాడవుతుందనే కంప్లైంట్ దీని పక్కన పెట్టి చూసుకోమన్నా, కొంచెం కఠినంగానే అన్నానేమో, ఒకడు నవ్వాడు, ఇద్దరికి కోపమొచ్చింది.

మిలట్రీ బాబాయ్ ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. ప్రభుత్వం డబ్బులతో, గెలుపు పండక్కి తీసిన సినిమా ఇది, ఇది ప్రచారం కాదా అని. మంచి ప్రశ్న. సినిమాలో ఊరు తగలబెట్టేవాళ్ళలో జర్మన్లతో పాటు అక్కడి భాష మాట్లాడే స్థానికులూ ఉంటారు, అంతవరకు దాచలేదు. కానీ బయట కథ చూడండి. ఖతిన్ తగలబెట్టిన 118వ పోలీసు బెటాలియన్‌లో చాలామంది ఉక్రెయిన్ వాళ్ళు, పట్టుబడ్డ సోవియట్ సైనికులు కూడా ఉన్నారు, దాని చీఫ్ ఆఫ్ స్టాఫ్ గ్రిగొరీ వస్యూరా యుద్ధం తర్వాత దర్జాగా బతికి, సినిమా వచ్చిన మరుసటి ఏడు, 1986లో మిన్స్క్‌లో కోర్టు బోనెక్కాడు, తర్వాత ఏడాది మరణశిక్ష అమలు చేశారు. ఆ విచారణని బయట పెద్దగా తెలియనివ్వలేదు. అంటే సినిమా చెప్పగలిగినంత కూడా ప్రభుత్వం నోరు విప్పి చెప్పలేదు. అలాగే ఆ గడ్డ మీద యూదుల్ని ఊళ్ళకి ఊళ్ళు వెతికి చంపిన సంగతి ఈ సినిమాలో దాదాపు లేనట్టే, అది పెద్ద లోటు, దానికి వేరే సినిమాలు చూడాలి. క్లోడ్ లాంజ్‌మాన్ డాక్యుమెంటరీ 'షోవా' అదే 1985లో వచ్చింది, తొమ్మిది గంటల పైనే, అందులో పాత ఫుటేజ్ ఒక్క ముక్క లేదు, బతికినవాళ్ళ, చూసినవాళ్ళ, చంపినవాళ్ళ మాటలే, ఆ పద్ధతి దీనికి పూర్తిగా ఉల్టా. బాబాయ్ ఒప్పుకోలేదు, ప్రచారమే కానీ మంచి ప్రచారం అన్నాడు. సరే అన్నా.

సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి అప్పటిదాకా ఏం మాట్లాడలేదు. భైరాన్‌పల్లి బురుజు మీ అందరికీ తెలుసా అంది. 1948 ఆగస్టులో రజాకార్లు, నిజాం పోలీసులు వచ్చి ఆ ఊరోళ్ళని కాల్చి చంపిన కథ వాళ్ళ నానమ్మ చెప్పేదట, బురుజు ఇప్పటికీ ఉంది. "మా నానమ్మ చెప్పేటప్పుడు చంపినోళ్ళ గురించి రెండు ముక్కలే చెప్పేది అన్నా, మిగిలిందంతా ఎవరింట్ల ఎవరున్నరు, ఎవరి పిల్ల ఏడ నిలబడ్డది, అదే." ఇలాంటి కథలు మన దగ్గర ఎన్నికలప్పుడు బయటికి తీసి ఒక మతం మీదకి తిప్పడం కూడా ఉంది కాబట్టి ఆ మాట కూడా నేను అక్కడే అన్నా. ఆమె తల ఊపింది, మా నానమ్మ చెప్పిన దాంట్ల ఎవర్నీ తిట్టుడు ఉండదు అంది.

చివరి గొడవ చివరి సీన్ మీద. ఫ్లోరా బురదలో పడున్న హిట్లర్ ఫొటో మీద కాలుస్తూ పోతాడు, ఒక్కో తూటాకి పాత న్యూస్ రీళ్ళు వెనక్కి తిరుగుతాయి, కూలిన బిల్డింగులు లేస్తాయి, సభలు చెదిరిపోతాయి, హిట్లర్ కుర్రాడవుతాడు, చివరికి తల్లి ఒడిలో చంటిబిడ్డ. అక్కడ వాడు ఆగిపోతాడు, కాల్చడు. సగం మంది కాల్చాల్సిందే అన్నారు, సినిమా అంతా చూశాక ఆ కోపం సహజమే. ఫ్యాన్ ఎడిట్స్ కుర్రాడు మాత్రం "మనోడు కాలిస్తే అప్పుడు ఎలివేషన్ వచ్చేస్తదిరా" అన్నాడు, దాంతో మళ్ళీ అరగంట నడిచింది, హాలు వాళ్ళు వచ్చి లైట్లు ఆర్పేస్తే గానీ లేవలేదు.

ఆ తర్వాత సంగతులు పెద్దగా లేవు. మధ్యలో వెళ్ళిపోయినాయన ఇంకా చూడలేదు, చూడమని నేను అడగలేదు, మిగతా సెషన్లకి మామూలుగానే వస్తున్నాడు. ఎడిట్స్ కుర్రాడు వాడికి పేరు తెచ్చిన ఒక ఫైట్ కట్‌నే తీసుకుని, బీజీఎం పీకేసి, దెబ్బ తిన్నవాళ్ళ మొహాలు మాత్రమే ఉంచి ఒక వెర్షన్ చేసి నాకు పంపాడు. మొహాలన్నీ జూనియర్ ఆర్టిస్టులవి, ఒక్కొక్కరికీ అర సెకను కూడా దక్కలేదు, చాలామందికి మొహమే ఫ్రేమ్‌లో లేదు. వాడి పేజీలో అది పెట్టలేదు, పెడితే ఫ్యాన్స్ ఊరుకోరు.

మీ ఊళ్ళో ఎవరన్నా వేయాలనుకుంటే, మోస్‌ఫిల్మ్ అనే రష్యా స్టూడియో వాళ్ళు రిస్టోర్ చేసిన కాపీ ఉంది, 2017లో వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో బెస్ట్ రిస్టోర్డ్ ఫిల్మ్ అవార్డు వచ్చింది దానికి, అదే వాడండి, యూట్యూబ్‌లో దొరికే పాత ప్రింట్లలో మొహాలు నల్లగా ముద్దలా ఉంటాయి. రాత్రి షో పెట్టొద్దు, మధ్యాహ్నం పెట్టండి, జనం వెలుతురుండగా ఇంటికెళ్ళాలి. ఇంట్లో ఒక్కరే ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూస్తాం అనేవాళ్ళకి వద్దనే చెప్పండి, కొట్టం సీన్ ఒక్కటి చూసి ఆపేస్తే అది కూడా ఇంకో క్లిప్పే అవుతుంది. ఆపరేటర్‌కి మాత్రం చెవుల కూత ఉన్న రీలు ముందే వినిపించి పెట్టండి.